తోడు చెంబు

తెల్లారేసరికి దడి మీద పీతలు కూర్చుని ఉన్నాయి.

ఒకటీ అరా కాదు. పెరటి దడి పొడుగునా, తాటాకుల్ని డెక్కలతో కరుచుకుని, కాకులు వాలినట్టు వరసగా ఇరవై అయిదు మండపీతలు. ఇంకొకటి బట్టలారేసే తీగ దాకా పాకి, నూకరాజు గళ్ల లుంగీని పట్టుకుని వేలాడుతోంది. దానికి ఆ లుంగీ నచ్చినట్టుంది. ఇంట్లో ఇంకెవరికీ నచ్చదు.

అచ్చియమ్మ చీపురుతో సహా వచ్చి మొగుడి మంచం పక్కన నిలబడింది.

"లే. ఎక్కించినోడివే దింపు."

"ఏంటే దింపేది?"

"పీతల్ని. దడికి తోరణం కట్టావు గదా. చూశాను, నవ్వాను, అయిపోయింది. ఇహ లే."

కోనపేటలో ఏ వింత జరిగినా అందరి వేలూ ముందు నూకరాజు వైపే తిరుగుతుంది. అందులో వాళ్ల తప్పేం లేదు. పంచాయతీ మైకులో ప్రెసిడెంటుగారి గొంతు పెట్టి, మీసాలున్నవాళ్లంతా ఆఫీసుకొచ్చి కొలత ఇచ్చి వెళ్లాలని చెప్పింది ఇతనే. పదకొండుమంది వెళ్లి వరసలో నిలబడ్డారు. యాభై నాలుగేళ్లొచ్చాయి, చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది, అల్లరి మాత్రం ఎక్కడా ఆగలేదు.

అందుకే ఇప్పుడు దడి చూసి అతనికి ముందు కుళ్లొచ్చింది. ఊళ్లో తనని మించినవాడు ఎవడు పుట్టాడా అనుకున్నాడు. లుంగీ పీతని మెల్లిగా విడిపించి గుంట వైపు నడిచాడు.

గుంట ఇంటి వెనక ఉప్పుటేటి గట్టు కిందే ఉంది. ఆరు మంచాలు పరిచినంత ఉంటుంది. అచ్చియమ్మ అందులో పీతల్ని పెంచుతుంది. పున్నమికీ అమావాస్యకీ పోటు వచ్చినప్పుడు ఏటి నీళ్లు గట్టులో వదిలిన గండి మీదుగా గుంటలోకొచ్చి, పాత నీళ్లని తీసుకుని వెళ్లిపోతాయి.

నిన్నటిదాకా ఆ నీళ్లు పల్చటి టీ రంగులో ఉండేవి. ఇవాళ గుంటలో నీళ్లున్నట్టే లేదు. ఉడికిన గోధుమరవ్వ పోసినట్టుంది. గాలి లేదు, అయినా పైపొర కదులుతోంది. వంగితే చిన్న చప్పుడు వినిపించింది, పొయ్యి మీద అన్నం కుతకుతమంటున్నట్టు.

నూకరాజు చెయ్యి పెట్టాడు. నీళ్లు తగల్లేదు. మణికట్టు దాకా సన్నగా, లక్ష కాళ్లతో ఏదో పాకింది. చటుక్కున చెయ్యి తీసి లుంగీకి రాసుకున్నాడు, మళ్లీ రాసుకున్నాడు. గుంట మూలన ఒక పీత వెల్లకిలా తేలుతోంది. దాని ఒంటి మీద దెబ్బ లేదు. దడి దాకా రాలేకపోయింది, అంతే.

పీతలు ఎక్కింది ఎందుకో అప్పుడు తెలిసింది. వాటికి నీళ్లలో ఊపిరాడలేదు.

"ఏంటయ్యా, నవ్వు రావట్లేదా?" అంది వెనకనుంచి అచ్చియమ్మ.

"వస్తాది, ఉండు," అన్నాడు నూకరాజు. రాలేదు.

*

రొయ్యల హేచరీలో రొయ్యపిల్ల పుట్టగానే దానికి మేత కావాలి. ఆ మేత బతికున్నదై ఉండాలి, దాని మూతికి పట్టేంత చిన్నదై ఉండాలి. భూపతిగారి హేచరీలో ఆ మేతని తయారుచేసింది నూకరాజు మేనకోడలు హైమ. అది కంటికి ఆనీ ఆనని ఓ నీటి పురుగు. దానికి హైమ పెట్టిన పేరు పలికేలోపు అదే ఇంకో తరం కనేస్తుందని వెక్కిరించి, నూకరాజు దానికి 'రవ్వ' అని పేరు పెట్టాడు. లాబులో కుర్రాళ్లు కూడా ఇప్పుడు రవ్వే అంటున్నారు.

హైమ తల్లి పోయేనాటికి పిల్లకి మూడేళ్లు. నూకరాజు దంపతులకి పిల్లల్లేరు. ఎత్తుకొచ్చి పెంచుకున్నారు. ఆ పిల్ల చదివి చదివి డాక్టరైతే, జ్వరానికి మందియ్యని డాక్టరు మా ఇంట్లోనే పుట్టిందని మావయ్య ఊరంతా చెప్పుకున్నాడు.

రవ్వ సంగతి ఒకరోజు అరుగు మీద చింతపిక్కలతో చెప్పింది హైమ.

"చూడు మావయ్యా. ఈ వరసది పదిరోజులకి నలభై పిల్లల్ని కంటుంది. ఈ వరసది పదే కంటుంది, కాకపోతే అయిదో రోజుకే. ఏ వరస పెరుగుతుంది?"

"నలభై కన్నది."

"పదిరోజులవనీ." పిక్కలు పేర్చుకుంటూ పోయింది. మొదటి వరసలో నలభై. రెండో వరసలో పదికి పది చొప్పున వంద పేర్చాలి, డబ్బా సగంలోనే ఖాళీ అయింది. "ఎన్ని కన్నదని కాదు, ఎంత తొందరగా మొదలెట్టిందని. కడుపున నాలుగు ఎక్కువ కనే బదులు, కనే వయసు ముందుకి జరిపితే చాలు."

"ఈ ముక్క మీ అత్తకీ నాకూ ఎవరూ చెప్పలేదే," అన్నాడు నూకరాజు.

అచ్చియమ్మ లేచి లోపలికెళ్లిపోయింది. నూకరాజు పిక్కలన్నీ డబ్బాలోకి ఏరడం మొదలెట్టాడు.

హైమ రవ్వకి వయసు రావడాన్ని పదకొండు రోజుల నుంచి అయిదు రోజులకి తెచ్చింది. తెచ్చి, తాళం కూడా వేసింది. వంకాయరంగు చుక్కలు నీళ్లలో పడితేనే రవ్వకి వయసొస్తుంది. పడకపోతే పిల్లగానే ఉండి ముసలిదై చచ్చిపోతుంది. పొరపాటున బయటపడినా భయం లేదు. ఆమె పెట్టిన పద్ధతి ఒక్కటే. ప్రతి తొట్టెకీ లాబునుంచి సీలు వేసిన కొత్త సీసాడు రవ్వ, ఆ నీళ్లలో చుక్కలు, అయిదు రోజులు, ఆ తర్వాత అంతా తోడేసి బ్లీచింగుతో కడిగెయ్యడం.

అందులో ఒక తొట్టె పని నూకరాజుది. సీసాలు తెచ్చుకునేవాడు, సంతకం పెట్టేవాడు, తన రేకు పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు.

ఎందుకంటే అతనికి పెరుగు తోడు తెలుసు. వాళ్లమ్మ ముప్పై ఏళ్లు ఒకే పెరుగు నడిపింది. ఇవాళ్టి కుండలో చెంచాడు తీసి రేపటి పాలలో వేసేది. కొత్త తోడు ఎక్కడినుంచో తెచ్చుకోవడం చేతకానివాళ్ల పనని అనేది. నూకరాజు కూడా తొట్టె కడిగేముందు ఇత్తడి చెంబు ముంచి ఒక చెంబుడు దాచేవాడు, కొత్త నీళ్లలో పోసేవాడు. లాబు కుర్రాళ్లు రాకముందే ముంచెయ్యాలి కాబట్టి రోజురోజుకీ ముందుగా ముంచాడు. చుక్కలు కిరసనాయిలు కంపని తన తొట్టెలో అసలు వెయ్యలేదు. అయినా అతని తొట్టె అందరికన్నా చిక్కగా వచ్చేది.

ఏడు నెలలు ఇదే కత. హేచరీ పండగరోజున భూపతిగారి ముందు ఆ పెట్టె తెరిచి, 'ఇదిగో డాక్టరమ్మా నీ సీసాలు, ఇన్నాళ్లూ నడిచింది మీ అమ్మమ్మ పెరుగు కిటుకు' అనాలని అతని ఉబలాటం. ఆ మాట అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకున్నాడు కూడా.

పదిరోజుల కిందట, రొయ్యపిల్లకి బలమైంది పీతకి చేదవుతుందా అనుకుని, పెళ్లాం గుంటలో ఒక చెంబుడు పోశాడు.

*

అతను లాబుకొచ్చేసరికి హైమ మైక్రోస్కోపు దగ్గరుంది. మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. పొద్దున్నించీ నాలుగుసార్లు తలుపు దాకా వచ్చి, తొట్టె చూసుకోవాలని సాకు చెప్పుకుని వెనక్కిపోయాడు.

"నీ తొట్టె మళ్లీ ఫస్టు మావయ్యా. నా లెక్కకి రెట్టింపొస్తోంది. ఏం మంత్రం వేస్తున్నావో చెప్పు."

"అమ్మాయ్, పీతలు దడెక్కాయే."

"దిగమను."

"దిగవు. గుంటలో రవ్వ నిండిపోయింది. నేనే పోశాను, ఒక చెంబుడు."

హైమ తల తిప్పింది. "ఎప్పుడు?"

"పదిరోజులైంది."

"చుక్కలు లేకుండా? ఈపాటికి అన్నీ చచ్చుంటాయి. నా దగ్గర కూడా మొదలెట్టావా? వెళ్లు, నాకు పనుంది."

"చావలేదే. గట్టిపడింది గుంట. ఉప్మా అయింది."

"జీడిపప్పు వెయ్యి, వస్తాను," అని మళ్లీ కన్ను గాజుకి ఆనించింది.

 నూకరాజు వెళ్లి, తొట్టెలో చెంబు ముంచుకుని, రేకు పెట్టె ఈడ్చుకొచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టి మూత తీశాడు. ముప్పై నాలుగు సీసాలు. ముప్పై నాలుగు సీళ్లు. అద్దం ముందు చెప్పుకున్న మాట నోట్లోకి రాలేదు.

హైమ నవ్వబోయింది. నవ్వు సగందాకా వచ్చి నిలిచిపోయింది. ఒక్కో సీసా తీసి సీలు తడిమింది, ముప్పై నాలుగూ తడిమింది.

"మరి నీ తొట్టెలో పెరిగిందేంటి?"

"తోడు వేశానే. పెరుగుకి వేసినట్టు. పండగనాడు చెబుదామని..."

ఆమె అతని చేతిలో చెంబు లాక్కుంది. ఒక చుక్క గాజు పలక మీద వేసి చూసింది. చూస్తూనే ఉంది. 

"ఇవి నావి కావు మావయ్యా," అంది మెల్లిగా. "పిల్లల్లా ఉన్నాయి. పిల్లలుగా ఉండగానే గుడ్లు మోస్తున్నాయి. ఎంతసేపట్లో కంటున్నాయివి?"

"పొద్దున పోస్తే మర్నాడు సాయంత్రానికి పదింతలవుద్ది."

"ఒకటిన్నర రోజు."

"తప్పా?"

"నువ్వు అందరికన్నా ముందొచ్చి ముంచావు. అప్పటికే కనేసినవే నీ చెంబులో పడ్డాయి. ఆలస్యంగా కనేవి బ్లీచింగులో పోయాయి. చుక్కలు లేకపోయినా కనేవి ఎక్కడో ఒకటీ రెండూ ఉండుంటే వాటినే ఏరావు. ఏడు నెలలు ఏరావు. నాలుగేళ్లు కూర్చుని నేను వేసిన తాళం, నువ్వు చెంబుతో తీశావు."

అరిచుంటే బాగుండేది. అరవలేదు. పెన్ను తీసి అరచేతిలో లెక్క వేసుకుంది. వెయ్యి, పదివేలు, లక్ష. అరచెయ్యి చాలక గోడ మీద రాసింది. సున్నాలు గోడ మీద స్విచ్చుబోర్డు దాకా పోయాయి.

"అయిదు రోజులదైతే గుంటలో లక్ష ఉండేవి. బకెట్టు బ్లీచింగు చాలు. ఇప్పుడు వంద కోట్లు దాటుంటాయి." పెన్ను జేబులో పెట్టి అతని వైపు తిరిగింది. "గుంటలోకి పోటు ఎప్పుడొస్తుంది?"

నూకరాజు గడియారం చూడలేదు. ఆ లెక్క అతని చర్మానికే తెలుసు. "ఇవాళ పున్నమి. మూడున్నరకి గండి మీదకొస్తాయి నీళ్లు. వచ్చి, గుంటలోది తీసుకుని పోతాయి."

"ఇప్పుడు ఒకటీ పది." హైమ అప్పటికే తాళాలు వెతుకుతోంది. "ఇక్కడున్న బ్లీచింగు తొట్టెలకే సరి. భూపతిగారి రెండో హేచరీనుంచి డ్రమ్ములు తేవాలి. నువ్వెళ్లి గండి మూసెయ్. గట్టు లేపు. ఏట్లోకి ఒక్క చుక్క పోకూడదు."

"పోతే?"

"వారానికి ఏరు మొత్తం నీ గుంటలా అవుతుంది. ఆ తర్వాత సముద్రం." తలుపు దగ్గర ఆగింది. "పీతలకి ఎక్కడానికి దడుంది మావయ్యా. చేపలకేముంది?"

*

సైకిలు గుంట దగ్గర పడేసేటప్పటికి రెండయింది. పార తీసుకుని గండిలో మట్టి వెయ్యడం మొదలెట్టాడు. నాలుగు పారలు వేసేసరికే తెలిసిపోయింది. గండి ఒక్కటి మూస్తే సరిపోదు. గట్టంతా మోకాలెత్తు లేపాలి. ఒక్క మనిషికి అది రెండు రోజుల పని.

ఏట్లో నడుంలోతు నీళ్లలో పద్నాలుగుమంది ఆడవాళ్లు గుల్లలు ఏరుతున్నారు. అందులో అచ్చియమ్మ కూడా ఉంది.

"ఒలే, అందరూ రండే," అని కేకేశాడు. "గట్టు తెగితే ఏరు చచ్చిపోద్ది. గుంటలో పురుగుంది. ఒకటిన్నర రోజుకి పదింతలవుద్ది."

ఏట్లో నవ్వులు మొదలయ్యాయి.

"నూకన్నా, పురుక్కి మీసాలున్నాయా? కొలిచావా?"

"పీతల్ని దడెక్కించినోడు ఇప్పుడు మమ్మల్ని గట్టెక్కిస్తాడంట."

"నిజమే చెప్తున్నాను, మా అమ్మ తోడు," అన్నాడు. ఒట్టు వేసేసరికి వాళ్లకి ఇంకా నవ్వొచ్చింది. మీసాల రోజున కూడా అతను అమ్మ మీదే ఒట్టు వేశాడు. వంద కోట్లన్నాడు, ఒకామె కడుపు పట్టుకుంది. సముద్రం పోతుందన్నాడు, ఇంకొకామె 'ఎక్కడికి పోద్ది, చుట్టాలింటికా' అంది. ముప్పై ఏళ్లుగా తనే ఊరికి నేర్పించిన నవ్వు అది. ఇప్పుడు మానమంటే ఎవరు మానతారు.

నూకరాజు నోరు మూసుకున్నాడు. వెనక్కి తిరిగి పార తీసుకున్నాడు. మట్టి తవ్వాడు, వేశాడు. తవ్వాడు, వేశాడు. ఎవరో ఇంకో మాట విసిరారు. జవాబు చెప్పలేదు. తల కూడా ఎత్తలేదు.

అచ్చియమ్మ నీళ్లలో నిలబడి చూసింది. ముప్పై రెండేళ్ల కాపరంలో ఆయన మాట్లాడకుండా పని చెయ్యడం ఆమె ఎరగదు. కన్నతల్లిని పాడె మీద పెట్టినప్పుడు కూడా, కాస్త మెల్లిగా ఎత్తండ్రా, లేచి తిట్టగలదు అన్న మనిషి.

ఆమె తన గంప తిరగేసింది. పొద్దున్నించీ ఏరిన గుల్లలు బుడుంగున ఏట్లోకి పోయాయి.

"గంపలు ఖాళీ చెయ్యండే. మట్టి మొయ్యాలి."

"నీకేం పట్టిందే అచ్చీ?"

"ఆయన మాట్లాడట్లేదు," అంది అచ్చియమ్మ.

ఆడవాళ్లు గట్టు వైపు చూశారు. నవ్వు ఒకరి మొహం మీంచి ఇంకొకరి మొహం మీదికి ఆరిపోతూ వచ్చింది. మిగతా పదమూడు గంపలూ ఒకదాని తర్వాత ఒకటి తిరగబడ్డాయి.

బురద గంపలు చేతులు మారాయి. ఒకామె గుంటలోకి తొంగి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఇంకెప్పుడూ అటు చూడలేదు. మూడింటికి గట్టు మోకాలెత్తు లేచింది. మూడుంపావుకి ఏరు ఉబ్బింది. పడమటి ఎండలో నీళ్లు మెరుస్తూ, తొందరేం లేనట్టు, గట్టు పక్కన మెల్లిగా పైకొచ్చాయి. గట్టు అంచుకి ఇంకా జానెడు, బెత్తెడు, రెండు వేళ్లు. ఏటివైపు శుభ్రమైన నీళ్లు, ఇటువైపు ఉడుకుతున్న రవ్వ, మధ్యన తడి మట్టి. ఆ అన్నం ఉడికే చప్పుడు ఇప్పుడు అందరికీ వినిపిస్తోంది.

పాత గండి దగ్గర కొత్త మట్టి జారింది. ముందు చెయ్యి పట్టేంత, చూస్తూండగానే మనిషి నడుం పట్టేంత. మట్టి తెచ్చే వేళ లేదు. నూకరాజు ఆ సందులో కూర్చున్నాడు. మొహం ఏటివైపు, వీపు గుంటవైపు.

ఏటి నీళ్లు పొట్టకి చల్లగా తగిలాయి. వీపుకి తగిలినవి మాత్రం నీళ్లు కావు. నడుం నుంచి మెడ దాకా పాకాయి. చొక్కా లోపలికి, చంకల్లోకి, చెవి వెనక్కి. కరవలేదు. కరిస్తే ధైర్యంగా ఉండేది. ఊరికే పాకాయి, జాగా కోసం వెతుక్కుంటున్నట్టు. మెడ వెనక ఒకటి కంటున్నట్టు, అక్కడే ఇంకో పది కదిలినట్టు అనిపించింది. అది భయమో నిజమో తెలియలేదు. లేవాలని ఒళ్లంతా అరుస్తుంటే అచ్చియమ్మ ఎదురుగా నీళ్లలోకి దిగి అతని రెండు భుజాలూ పట్టుకుని కిందికి నొక్కింది. పట్టు వదల్లేదు.

నాలుగు కావస్తుండగా వ్యాను చప్పుడైంది. హైమ, డ్రైవరు డ్రమ్ములు దొర్లించుకొచ్చారు. బ్లీచింగు కంపు ముందే వచ్చేసింది.

"మావయ్యా, లే. పొయ్యాలి."

"లేస్తే పోద్ది. పొయ్యి."

"కాలిపోతావు."

అప్పుడు మాట్లాడాడు నూకరాజు. "పొయ్యవే తల్లీ. మీ మావయ్య ఇన్నాళ్లకి తెల్లబడతాడు."

ఎవరూ నవ్వలేదు. హైమ కళ్లు తుడుచుకోకుండానే డ్రమ్ము వంచింది. గుంట తెల్లగా పొంగింది. వీపు మీద పాకడం మొదట ఎక్కువైంది, ఆ తర్వాత మంటయింది, ఆ తర్వాత మంట ఒక్కటే మిగిలింది. కుతకుతమనే చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. పోటు తీసి ఏరు వెనక్కి జారేదాకా అచ్చియమ్మ అతన్ని లేవనివ్వలేదు.

*

మర్నాడు నూకరాజు అరుగు మీద అరిటాకు పరుచుకుని బోర్లా పడుకున్నాడు. వీపు తోలు తెల్లగా ఉబ్బి లేచింది. హేచరీలో తొట్టెల్లో రవ్వంతా హైమ రాత్రికి రాత్రే చంపించేసింది, తన నాలుగేళ్ల పనితో సహా. ఇప్పుడు మెట్టు మీద కూర్చుని అడిగిందే అడుగుతోంది.

"ఇంకెవరికైనా ఇచ్చావా?"

"లేదు."

"నవ్వకుండా చెప్పు."

"బోర్లా పడుకున్నానే. నవ్వు కిందికి పోతోంది. ఎవరికీ ఇవ్వలేదు, మీ అత్త మీద ఒట్టు."

"నా మీద వెయ్యకు," అంటూ అచ్చియమ్మ మజ్జిగ తెచ్చింది. ఇత్తడి చెంబులో తెచ్చింది. తళతళలాడుతోంది చెంబు.

హైమ దాని వైపు చూసింది. చూసి, అందుకోవడానికి చాచిన చెయ్యి అలాగే ఉంచింది.

"అత్తా. ఇది రోజూ ఇంటికి తెచ్చేవాడా?"

"తేకపోతే ఎవడు తోముతాడు? తొట్టె జిగురంతా దీనికే. మజ్జిగ పొయ్యాలన్నా నేనే తోముకోవాల."

"ఎక్కడ తోముతావు?"

"ఎక్కడేంటమ్మా. రేవులో. ఇసక వేసి తోమి, ఏట్లో జాడిస్తాను."

"ఏడు నెలలనించీ?"

అచ్చియమ్మ భర్త వైపూ మేనకోడలి వైపూ చూసింది. ఎవరి మొహంలోనూ రంగు లేదు. "ఏడు నెలలనించీ," అంది.

ముగ్గురూ రేవుకి నడిచారు. నూకరాజు చొక్కా లేకుండా, చేతులు దూరంగా పెట్టుకుని నడిచాడు. ఏరు ఎప్పటిలాగే ఉంది. నీళ్లు తేటగా, అడుగున ఇసక కనిపిస్తోంది. హైమ నీళ్ల దగ్గర కూర్చుని చాలాసేపు చూసింది. రవ్వ లేదు.

"ఎందుకు లేదు?" అంది తనలో తను. "ఒక్కటి చాలు గదా. ఎందుకు లేదు?"

"చెంబు ఇలా తే," అంది అచ్చియమ్మ. రోజూ చేసినట్టే వంగి, చెంబుని నీళ్లలో ముంచింది.

లోతులోంచి నీడ కదిలినట్టయింది. మరుక్షణం రేవు నిండా చిట్టి చేపపిల్లలు. వేలిగోరంతవి, వందలూ వేలూ. చెంబు చుట్టూ, చెంబులోపల, అచ్చియమ్మ గాజుల మధ్య ముసురుకుని వెండిలా మెరుస్తున్నాయి.

"రోజూ ఇంతే. చెంబంటే వీటికి పండగ. జాడించేలోపే గుటుక్కుమనిపిస్తాయి."

హైమ మోకాళ్ల మీద తల పెట్టుకుంది. 

"ఎంత తొందరగా కన్నా, కనే వేళ లేకుండా తినేశాయివి. వీటి దయ వల్లే ఇవాళ మనం ఇక్కడ కూర్చున్నాం."

"ఇంకేం మరి. గండం గడిచినట్టే గదా," అన్నాడు నూకరాజు.

"అన్నిటినీ తిన్నాయని నేనెలా చెప్పను? ఏ మడ చెట్టు వేళ్ల మధ్యో ఒక్కటి ఉండొచ్చు. రోజూ ఇంకోటి కంటుంది, రోజూ ఇవి తింటాయి. ఇవి ఉన్నన్నాళ్లూ ఏం కాదు. ఇవి ఒక్క వారం తగ్గితే చాలు."

నూకరాజు గట్టు మీది ఇళ్ల వైపు చూశాడు. ప్రతి దడికీ ఒక దోమతెర వల వేలాడుతోంది. ఎండలు ముదిరితే కోనపేట మొత్తం ఆ వలలతో రేవుకొచ్చి ఈ చిట్టి చేపల్నే గంపలకొద్దీ ఎత్తి ఎండబెడుతుంది. కోళ్లకి మంచి మేత. అందరికన్నా ఎక్కువ ఎత్తేది నూకరాజే.

తన వల ఆ పూటే తగలబెట్టాడు. తర్వాత ఇల్లిల్లూ తిరిగాడు. గుమ్మంలో నిలబడి, ఈ ఏడాది చిట్టి చేపల్ని పట్టొద్దని అడిగాడు. వాళ్లు విని, ఆ తర్వాత వచ్చే చమత్కారం కోసం ఎదురుచూశారు. రాలేదు. గట్టు మీద మట్టి మోసినవాళ్లంతా వలలు ఇచ్చేశారు. మిగతా ఊరు ఆలోచించి చెప్తానంది.

అప్పట్నించి రోజూ పొద్దున్నే నూకరాజు రేవులో దిగి ఖాళీ చెంబు ముంచుతాడు. చేపపిల్లలు వస్తే, వాటిని పేరుపేరునా పలకరించి, ఒకదానికి ప్రెసిడెంటుగారి గొంతుతో హాజరు వేసి, నవ్వుకుంటూ గట్టెక్కుతాడు. కొన్నాళ్లు ముంచగానే వచ్చాయి. ఎండలు ముదిరి, మిగతా ఇళ్ల వలలు రేవులో దిగాక కాస్త ఆలస్యంగా వస్తున్నాయి.

ఇవాళ చెంబు ముంచి చాలాసేపయింది. ఎండ మెట్ల దాకా వచ్చింది.

"వచ్చాయా?" అని గట్టు మీంచి అడిగింది అచ్చియమ్మ.

ఆయన మాట్లాడలేదు.